ఫోర్ట్ బ్రాగ్ గ్లాస్ బీచ్: గాజు కోసమే వెళ్తే నిరాశే, రెండు రోజులుండి చుట్టూ ఊళ్ళు చూస్తే మాత్రం ఐదు స్టార్లు

మొన్న ఆగస్టులో అమ్మా నాన్నల్ని తీసుకుని ఉత్తర కాలిఫోర్నియా తీరంలో ఉన్న ఫోర్ట్ బ్రాగ్ వెళ్ళొచ్చాం. బే ఏరియాలో మనవాళ్ళ ఇంటికి ఇండియా నుంచి పేరెంట్స్ వస్తే తిప్పే చోట్లు అందరికీ అవే కదా, గోల్డెన్ గేట్, యోసమిటీ, లేక్ టాహో, లివర్మోర్ గుడి, అవన్నీ పోయినసారి వచ్చినప్పుడే అయిపోయాయి, ఈసారి ఎక్కడికెళ్దాం అని చూస్తుంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకావిడ గ్లాస్ బీచ్ అస్సలు వెళ్ళకండి వేస్ట్ అని పెట్టారు, కింద ఇంకో నలుగురు అవునవును మేమూ వెళ్ళాం ఏమీ లేదు అన్నారు. నేను వెళ్ళొచ్చాక ఇది రాస్తున్నాను ఎందుకంటే వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే. ఒక్క బీచ్‌కే రేటింగ్ ఇమ్మంటే మూడు ఇస్తాను. ఆ బీచ్, ఊరు, హార్బర్, పక్కన మెండొసీనో అన్నీ కలిపి చూస్తే ఐదుకి ఐదు.

ముందు ఫోటోల సంగతి చెప్పేస్తా. ఇన్‌స్టాలో కనిపించే ఆ రంగురంగుల గాజురాళ్ళు మోకాళ్ళ లోతు పరిచినట్టుండే బీచ్ ఇప్పుడు లేదు. అవి చాలావరకు పాత ఫోటోలు, లేదా నీళ్ళు తడిసిన ఒక చిన్న చోట కెమెరా నేలకి ఆనించి కలర్స్ పెంచినవి. అక్కడికెళ్ళి నిలబడి చూస్తే మామూలు నల్ల ఇసుక, గులకరాళ్ళు, బండలు. కిందకి వంగి చూస్తేనే గాజు. నిలబడి చూసి వెనక్కి వచ్చేసేవాళ్ళే ఒక స్టార్ ఇచ్చేది.

మేము కూడా మొదటిరోజు సాయంత్రం అదే చేశాం. నాలుగున్నర గంటల డ్రైవ్ చేసి దిగేసరికి ఐదున్నర, నీళ్ళు పైదాకా వచ్చేశాయి, పొగమంచు, చలిగాలి, ఆగస్టులో 55 డిగ్రీల ఫారెన్‌హీట్ (మన లెక్కలో 13 సెల్సియస్), అమ్మ చీర మీద స్వెటర్ దాని మీద నా జాకెట్ వేసుకుని కూడా వణుకుతోంది. పాప ఏడుపు మొదలెట్టింది. పదినిమిషాలుండి వచ్చేశాం. అప్పుడే రివ్యూ రాసుంటే నేనూ వేస్ట్ అనే రాసేదాన్నేమో.

రాత్రి రూమ్‌లో టైడ్ టేబుల్ (ఆటుపోట్ల టైమింగ్స్) చూస్తే లో టైడ్, అంటే నీళ్ళు బాగా వెనక్కి పోయే టైమ్, పొద్దున్న ఆరున్నరకి ఉంది. పాపని మావారి దగ్గర వదిలేసి నేనూ అమ్మా నాన్నా ముగ్గురం వెళ్ళాం. అదే బీచ్, కానీ నీళ్ళు వెనక్కి పోయాయి, బండల మధ్య గుంటల్లో గాజు కనిపించింది. బియ్యపు గింజంత, పెసరబద్దంత, పెద్దవైతే చింతగింజంత. తెల్లవి ఎక్కువ, తర్వాత గోధుమరంగు, తర్వాత ఆకుపచ్చ. అంచులన్నీ అరిగిపోయి నున్నగా ఉన్నాయి, పైన కర్పూరం బిళ్ళ మీద ఉన్నట్టు తెల్లటి మసక, తడిగా ఉంటే లోపలి రంగు మెరుస్తుంది ఆరిపోతే మళ్ళీ మసకేస్తుంది. బూటు కాలితో తొక్కినా గుచ్చుకోదు.

ఇది ఎలా వచ్చిందో తెలిస్తే చూసే చూపే మారిపోతుంది, అందుకే కొంచెం పెద్దగా చెప్తా. ఇది ఒకప్పుడు ఊరి చెత్త పడేసే చోటు. ఊళ్ళోవాళ్ళు దీన్ని డంప్స్ అనే పిలిచేవాళ్ళట. 1906లో మొదలుపెట్టారు, అదే ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోని నేలమట్టం చేసిన భూకంపం ఫోర్ట్ బ్రాగ్‌నీ కుదిపేసింది. చెత్తని బండి మీద తెచ్చి కొండ అంచు నుంచి సముద్రంలోకి తోసేయడమే. 1943 దాకా ఒక చోట, అది నిండితే 1949 దాకా పక్కన ఇంకో చోట, ఆ తర్వాత 1967 దాకా మూడో చోట. సీసాలు, డబ్బాలు, పింగాణీ, ఇంట్లో పాత సామాన్లు, పాడైన కార్లు కూడా. కుప్ప మరీ పెరిగిపోతే నిప్పు పెట్టి తగ్గించేవాళ్ళు. అప్పట్లో ఈ భూమంతా యూనియన్ లంబర్ కంపెనీది, ఊరు మొత్తం ఆ కలప మిల్లు మీదే బతికింది. 1967లో నీళ్ళ బోర్డువాళ్ళూ సిటీవాళ్ళూ కలిసి ఇక్కడ చెత్త వేయడం ఆపేశారు. ఆ తర్వాత కాగితం, చెక్క, తిండి కుళ్ళి పోయాయి, ఇనుము కొంత స్క్రాప్ కింద మనుషులు ఏరుకుపోయారు కొంత తుప్పు పట్టిపోయింది, మిగిలింది గాజు ఒక్కటే, దాన్ని అలలు ఏళ్ళతరబడి రాళ్ళమీద రుబ్బుతూ ఉన్నాయి. 2002లో స్టేట్ పార్క్స్‌వాళ్ళు 38 ఎకరాలు తీసుకుని మెకెర్రికర్ స్టేట్ పార్కులో కలిపేశారు.

ఇదంతా చదివి చెప్తుంటే అమ్మ ఆగి, అంటే ఇది మన కాపులుప్పాడ డంపింగ్ యార్డు లాంటిదా అంది. అమ్మ పుట్టిల్లు భీమిలి, అటు రోడ్డు మీద వెళ్ళినప్పుడల్లా చూసిందే. అవునమ్మా అలాంటిదే, కాకపోతే సముద్రంలోకే వేసేవాళ్ళు అన్నా. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మెల్లిగా గొంతుక్కూర్చుని ఏరడం మొదలెట్టింది. ఒక ఆకుపచ్చ ముక్క అరచేతిలో పెట్టుకుని, "ఇదేటే, అచ్చం మన గాజుముక్కే" అంది. నిజంగానే కొంచెం వంపు తిరిగి ఉంది, ఏ సీసా మెడ దగ్గరదో అయ్యుంటుంది. అమ్మావాళ్ళు చిన్నప్పుడు పగిలిన మట్టిగాజుల ముక్కలు అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్ళంట, దీపం మంట మీద కాల్చి వంచి ఒకదాంట్లో ఒకటి దూర్చి గొలుసులు చేసేవాళ్ళంట, ఎర్రముక్కకి రెండు ఆకుపచ్చ ముక్కలు మారకమంట. ఎప్పుడూ చెప్పలేదు ఇవన్నీ నాకు. గంటన్నర అలాగే కూర్చుంది, మోకాళ్ళ నొప్పులున్న మనిషి. మధ్యలో నేను లేవమ్మా అంటే ఉండమ్మా ఎర్రది దొరకలేదింకా అంటుంది.

ఎర్రది దొరకదు అంత తేలిగ్గా. ఎర్రగాజు పాత కార్ల వెనకలైట్లవి, ముదురు నీలం మందుల షాపు సీసాలవి, ఈ రెండూ అరుదు, వచ్చినవాళ్ళందరూ వెతికేది అవే. మాకు నీలం ఒక్కటి కనిపించింది, జీలకర్ర గింజంత. నాన్న వెతికింది గాజు కాదు, బండల మధ్య ఇనుము. అక్కడక్కడా తుప్పు రంగులో ముద్దలు రాయిలో కలిసిపోయి ఉంటాయి, దగ్గరగా చూస్తే ఒక బోల్టు తలకాయ, ఒక పైపు ముక్క, గులకరాళ్ళు వాటికి అంటుకుని గట్టిపడిపోయి ఏది రాయో ఏది ఇనుమో తెలీదు. పోర్టులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి కాబట్టి ఆయనకి అది ఇంజన్ పార్టేమో అని ఆరాటం. నాకైతే గాజు కంటే అవే ఎక్కువ గుర్తుండిపోయాయి.

ఇప్పుడు అసలు విషయం. దయచేసి గాజు ఇంటికి తేకండి. స్టేట్ పార్కు భాగంలో ఏరి తీసుకెళ్ళడం నిషేధం, అయినా మా కళ్ళముందే ఒక ఫ్యామిలీ జిప్‌లాక్ కవర్లు తెచ్చుకుని నింపుకుంటున్నారు. కొత్త గాజు పడటం 1967తోనే ఆగిపోయింది, ఉన్నదాన్ని ఒకపక్క సముద్రం అరగదీసి ఇసుక చేస్తోంది ఇంకోపక్క మనం జేబుల్లో వేసుకుపోతున్నాం. గాజే లేదు ఒక స్టార్ అని రాసేవాళ్ళలో ఎంతమంది జేబులో ఒక గుప్పెడు ఉందో అని నాకు నిజంగా బాధేస్తుంది. అమ్మ ఏరినవన్నీ ఒక బండ మీద వరసగా పేర్చి, ఫోటో తీయించుకుని, మళ్ళీ తన చేత్తోనే నీళ్ళగుంటలో వదిలేసింది. మధ్యాహ్నం పాపని తీసుకెళ్ళినప్పుడు అది జేబులో వేసుకోబోతే నేనేమీ అనకుండానే అమ్మమ్మే, వద్దు బంగారం నీలాగే ఇంకో పాప వస్తుంది చూడటానికి అంది, పాప వినేసింది. మీకు ఇంటికి ఒకటి కావాలనుంటే ఊళ్ళో షాపుల్లో సీ గ్లాస్ చెవిపోగులు, లాకెట్లు అమ్ముతారు, అవి కొనుక్కోండి.

వెళ్ళడం ఈజీనే. మెయిన్ స్ట్రీట్ అంటే హైవే 1 ఏ, దాని మీంచి ఎల్మ్ స్ట్రీట్ లోకి తిరిగితే చివర పార్కింగ్ ఉంది, టికెట్ లేదు, బాత్రూములున్నాయి. కొంచెం నడవాలి, చివర్లో బీచ్‌లోకి దిగేచోట నిటారుగా రాళ్ళుగా ఉంటుంది, పెద్దవాళ్ళకి చెయ్యి పట్టుకోవాలి, చెప్పులు వద్దు గ్రిప్ ఉన్న షూసే. సముద్రానికి వీపు పెట్టి కూర్చోవద్దు, ఆ తీరంలో ఉన్నట్టుండి పెద్ద అలలొస్తాయి. టైడ్ టేబుల్ చూడకుండా వెళ్ళొద్దు, ఇది మాత్రం నొక్కి చెప్తున్నా. దిగలేనివాళ్ళకి ఇంకో దారి ఉంది, మూడు మైళ్ళు ఉత్తరానికి వెళ్తే లగూనా పాయింట్ దగ్గర చెక్క బాట వేశారు, వీల్‌చైర్ కూడా వెళ్తుంది, చివర్లో బండల మీద సీల్స్ పడుకుని ఉంటాయి. నాన్న అక్కడ బెంచీ మీద కూర్చుని నలభై నిమిషాలు లేవలేదు.

గ్లాస్ బీచ్ నుంచే కోస్టల్ ట్రైల్ మొదలవుతుంది, దాన్ని అస్సలు మిస్ అవ్వద్దు. ఇది నాకు ట్రిప్ మొత్తంలో ఎక్కువ నచ్చింది. ఆలోచించండి, ఊరు సముద్రం ఒడ్డున ఉంది, కానీ వందేళ్ళపైన ఒడ్డంతా మిల్లుదే, కంచె, దుంగలు, రంపాలు, ఊళ్ళోవాళ్ళు తమ సముద్రం దగ్గరికి తాము నడిచి వెళ్ళే వీల్లేదు. 2002లో మిల్లు మూతపడింది, వందలమంది బతుకుతెరువు పోయింది, 2015లో ట్రైల్ రెండు చివర్లూ తెరిచారు, మధ్య ముక్క 2018లో కలిపారు. ఇప్పుడు సాయంత్రమైతే ముసలివాళ్ళు, కుక్కలు, సైకిళ్ళ మీద పిల్లలు అందరూ అక్కడే. చదునైన దారి, ఒక పక్క ఖాళీ మిల్లు స్థలం గడ్డిపెరిగి, ఇంకోపక్క కొండ అంచు, కింద సముద్రం. ఉత్తరం పక్కకెళ్తే పుడ్డింగ్ క్రీక్ మీద పాత చెక్క రైలు వంతెన, ఒకప్పుడు దుంగలు మోసిన రైలు వెళ్ళేదట, ఇప్పుడు నడిచేవాళ్ళకి వదిలేశారు. అమ్మ ఆ వంతెన మధ్యలో నిలబడి పాపకి కింద నీళ్ళు చూపిస్తూ పాడిన పాట మావారు వీడియో తీశారు, ఎప్పటికీ దాచుకుంటాం.

దక్షిణం చివర నోయో హార్బర్. చిన్న నది సముద్రంలో కలిసేచోట, పైన పెద్ద వంతెన, కింద చేపల పడవలు. నాన్నకి ఇది చాలు, విశాఖ ఫిషింగ్ హార్బర్ అంత హడావుడి లేదుగానీ వాసన అదే అన్నారు. పడవలు కట్టేసి ఉన్నవి చాలా ఉన్నాయి. కాలిఫోర్నియాలో సాల్మన్ వేట 2023లో పూర్తిగా మూసేశారు, 2024లో కూడా తెరవలేదు, ఈ ఊరికి కలప తర్వాత ఆధారం చేపలే మరి. అది చాలదన్నట్టు సముద్రం నీళ్ళు వేడెక్కి, నక్షత్ర చేపలకి రోగమొచ్చి చచ్చిపోయి, అవి తినాల్సిన ఊదారంగు సముద్రపు ముళ్ళకాయలు విపరీతంగా పెరిగి కెల్ప్ (నీళ్ళలో పొడుగ్గా పెరిగే సముద్రపు నాచు) అడవినంతా మేసేశాయి, ఈ ఉత్తర తీరంలో కెల్ప్ తొంభై శాతం పైనే పోయింది, కెల్ప్ తిని బతికే అబలోనీ అనే పెద్ద సముద్రపు నత్త ఆకలికి చచ్చిపోయి దాని వేట 2018 నుంచి ఆపేశారు. ఊళ్ళో నోయో సెంటర్ ఫర్ మెరైన్ సైన్స్ అని ఉంది, ఇదంతా పిల్లలకి కూడా అర్థమయ్యేలా చెప్తారు, వీళ్ళే 2009లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన నీలి తిమింగలం ఎముకలు భద్రం చేశారు. మా పాపకి గాజు కంటే ఇదే నచ్చింది. అరవై ఏళ్ళు చెత్త పోస్తే కూడా తట్టుకున్న సముద్రం నీళ్ళు కాస్త వేడెక్కితే తట్టుకోలేకపోయింది చూడు అని నాన్న అన్నారు, కార్లో వచ్చేటప్పుడు కూడా అదే మాట మళ్ళీ అన్నారు.

తిండి గురించి. హార్బర్ దగ్గర చేపలు ఫ్రెష్‌గా దొరుకుతాయి, రాక్‌ఫిష్ వేయించి ఇచ్చారు, నాన్న ఉప్పూకారం లేదు కానీ చేప మాత్రం నిన్నటిది కాదు అన్నారు, ఆయన దగ్గర అది పెద్ద సర్టిఫికెట్. మేం పులిహోర, పెరుగన్నం, ఆవకాయ పట్టుకెళ్ళాం, వెజిటేరియన్స్ అయితే మీరూ పట్టుకెళ్ళండి, పిజ్జా, సలాడ్, గ్రిల్డ్ చీజ్ తప్ప పెద్దగా ఆప్షన్స్ లేవు, రాత్రి ఎనిమిది దాటితే చాలా చోట్ల మూసేస్తారు. మెయిన్ స్ట్రీట్ మీద కౌలిక్స్ అని ఐస్‌క్రీమ్ షాపుంది, అందులో పుట్టగొడుగుల ఐస్‌క్రీమ్ తప్పకుండా తినండి. అవును, పుట్టగొడుగులే. క్యాండీ క్యాప్ అని ఈ అడవుల్లో దొరికే రకం, ఎండబెడితే మేపుల్ సిరప్ వాసనొస్తుంది. అమ్మ ముందు ఛీ పుట్టగొడుగుతో తీపేంటి అంది, ఒక చెంచా రుచి చూసి పాప కప్పు మొత్తం తనే తినేసింది, బెల్లంపాకం వాసన వస్తోందే అంటూ.

మోటెల్ మాత్రం నచ్చలేదు. పేరు రాయను, సముద్రం కనిపించే రూమ్ అని ఎక్కువ డబ్బులు కట్టించుకున్నారు, కిటికీ తీస్తే పార్కింగ్, మూలకి వెళ్ళి మెడ సాగదీస్తే ఒక నీలం గీత. రాత్రి హీటర్ పనిచేయలేదు, కంప్లెయింట్ ఇస్తే ఇంకో దుప్పటి ఇచ్చారు. అమ్మా నాన్నలు ఉన్నప్పుడు చలి రూమ్ అంటే ఎంత ఇబ్బందో మీకు తెలుసు. బుక్ చేసేముందు ఫోన్ చేసి రూమ్ నంబర్, హీటర్ రెండూ అడిగి తీసుకోండి. సమ్మర్ వీకెండ్‌లో రేట్లు ఎక్కువ, వారం మధ్యలో వెళ్తే సగానికి సగం తేడా ఉంది మేం చూసినప్పుడు.

రెండోరోజు మెండొసీనో. పది మైళ్ళ దూరం, వెయ్యిమంది కూడా లేని ఊరు, కొండ కొమ్ము మీద తెల్లటి చెక్క ఇళ్ళు, ప్రతి నాలుగిళ్ళకీ ఒక పాత చెక్క నీళ్ళ టవరు. కలప కోసం తూర్పు తీరం నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళ సొంతూళ్ళ లాగే కట్టుకున్నారట. అందంగా ఉంది, కాఫీ మాత్రం బాగా ఖరీదు. ఊరి చుట్టూ కొండ అంచంతా స్టేట్ పార్కే, నడవడానికి డబ్బులక్కర్లేదు, అదే చేయండి, షాపుల్లో టైమ్ పెట్టకండి. దారిలో పాయింట్ కబ్రిల్లో లైట్‌హౌస్ 1909 నాటిది, పార్కింగ్ నుంచి అరమైలు దిగాలి, వచ్చేటప్పుడు ఎక్కాలి, నాన్న వచ్చారు అమ్మ రాలేదు.

అమ్మ శక్తి దాచుకుంది బొటానికల్ గార్డెన్స్ కోసం. ఫోర్ట్ బ్రాగ్ దాటగానే ఉంటుంది, 47 ఎకరాలు, టికెట్ ఉంది, ఇచ్చిన ప్రతి డాలరుకీ న్యాయం. ఆగస్టు కాబట్టి డాలియాలు, అన్నం పళ్ళెమంత పూలు, అమ్మ ఒక్కో పువ్వు ముందు ఆగి పేరు చదివించుకుని, ఇది భీమిలిలో అమ్మమ్మ పెరట్లో ఉండేది ఇది ఉండేది కాదు అని లెక్క. తోట చివరికి వెళ్తే సముద్రమే.

దారి గురించి జాగ్రత్త. హైవే 101 మీద క్లోవర్‌డేల్ దాకా బాగానే ఉంటుంది, అక్కడి నుంచి హైవే 128 మొత్తం మెలికలే, వాంతులయ్యేవాళ్ళుంటే ముందే టాబ్లెట్ వేసేయండి, మేం నిమ్మకాయ, అల్లంమురబ్బా పట్టుకెళ్ళి గట్టెక్కాం. ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, పెట్రోలు క్లోవర్‌డేల్ లోనే కొట్టించండి. బూన్‌విల్ అని చిన్న ఊరొస్తుంది, అక్కడివాళ్ళు 1800ల చివర్లో తమకు తామే ఒక భాష అల్లుకున్నారు, బూంట్‌లింగ్ అంటారు, కాఫీని జీస్ అంటారట, బయటివాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాకూడదని. నాన్నకి తెగ నచ్చేసింది ఈ కథ. ఆ తర్వాత పదకొండు మైళ్ళు నవారో నది వెంట రెడ్‌వుడ్ చెట్ల మధ్యే రోడ్డు, పట్టపగలు లైట్లు వేసుకోవాలి, అది దాటి మలుపు తిరగ్గానే సముద్రం ఒక్కసారిగా కళ్ళముందుకొస్తుంది. నిద్రపోతున్నవాళ్ళని లేపండి అక్కడ. అల్బియన్ దగ్గర 1944లో కట్టిన చెక్క వంతెన మీంచి వెళ్తారు, హైవే 1 మీద మిగిలిన చెక్క వంతెన అదొక్కటే.

ఊళ్ళోంచి రెడ్‌వుడ్ అడవిలోకి వెళ్ళే పాత రైలు స్కంక్ ట్రైన్ మేం ఎక్కలేదు, టికెట్లు అయిపోయాయి, ముందే బుక్ చేసుకోవాలి. మార్చిలో అమ్మావాళ్ళు తిరిగి వెళ్ళేలోపు ఇంకోసారి వెళ్దామని ఇప్పుడే ప్లాన్ వేస్తున్నాం, ఆ టైమ్‌లో గ్రే వేల్స్ అనే తిమింగలాలు ఉత్తరానికి ఈదుతూ ఒడ్డు నుంచే కనిపిస్తాయి. అమ్మ మాత్రం లో టైడ్ ఎన్నింటికో ముందు చూసి చెప్పు, ఎర్రముక్క ఇంకా చూడలేదు అంటోంది.